డిస్‌ప్లే వెలగని ఏసీకి గ్యాస్ ఎందుకు?

మే మూడో శనివారం రాత్రి పదింటికి మా బెడ్‌రూమ్ ఏసీ టింగ్ మనలేదు. మామూలుగా గోడ మీద స్విచ్ వేస్తే ఒక టింగ్, రిమోట్ నొక్కితే ఇంకో టింగ్. ఆ రోజు రెండూ లేవు. రిమోట్‌ని అరచేతిలో కొట్టాను, బ్యాటరీలు తీసి చీరకొంగుకి తుడిచి మళ్లీ వేశాను, ఏసీకి ఇంకాస్త దగ్గరగా వెళ్లి చెయ్యెత్తి మరీ నొక్కాను. ఏమీ లేదు. లోపల ఎరుపో పచ్చో ఒక్క చుక్క కూడా వెలగలేదు.

మేముండేది కుషాయిగూడలో, ఈసీఐఎల్ చౌరస్తాకి దగ్గర. ఆ సాయంత్రం ఆరున్నరకి గాలిదుమారం లేచింది, వాన పది నిమిషాలు పడిందో లేదో కరెంటు మాత్రం రెండున్నర గంటలు పోయింది. తొమ్మిదింటికి వచ్చినప్పుడు హాల్లో పాత ట్యూబులైటు పెళ్లిపందిట్లోలా ధగధగా వెలిగింది, ఫ్యాను ఎన్నడూ లేనంత జోరందుకుంది, "ఇవాళ కరెంటు భలే ఉందే" అని మా అమ్మ అంటుండగానే మళ్లీ పోయింది. ఆ మాట గుర్తుపెట్టుకోండి, దానితో పనుంది. ఇంకో అరగంటకి మామూలుగా వచ్చింది. ఇల్లంతా ఉక్క. వాన పడ్డ రాత్రి కూలర్ వేస్తే గాలి జిడ్డుగా ఒంటికి అంటుకుంటుందే తప్ప చల్లబడదు. మావారు పని మీద పుణెలో ఉన్నారు, ఇంట్లో నేనూ అమ్మా మా చింటూ.

మా తమ్ముడు ఖమ్మంలో మిర్చి కోల్డ్ స్టోరేజీలో మెయింటెనెన్స్ చూస్తాడు. ఇంట్లో ఏ మిషన్ చచ్చినా ముందు వాడికే ఫోను. "ఏసీ ఆన్ అవ్వట్లేదురా" అన్నాను. "ఆన్ అవ్వట్లేదంటే ఏందక్కా, చల్లగా రావట్లేదా, అసలు లైటే వెలగట్లేదా?" అన్నాడు. రెండూ ఒకటేగా అని విసుక్కున్నాను. "ఒకటెట్లవుతదే, జలుబు చేసినోడూ స్పృహ లేనోడూ ఒకటేనా" అన్నాడు.

ఈ ఒక్క ప్రశ్న తెలిసుంటే ఎంతమంది డబ్బులు మిగిలేవో. డిస్‌ప్లే వెలిగి, లోపలి ఫ్యాను తిరిగి, గాలి మాత్రం చల్లగా రాకపోతే అది వేరే కథ: ఫిల్టర్లు, బయటి యూనిట్, కెపాసిటర్, గ్యాస్, అలాంటివి. లైటు మిణుకుమిణుకుమని కొడుతుంటేనో, ఇంగ్లీషు ‘E’ అక్షరం పక్కన ఏదో అంకె చూపిస్తుంటేనో, తనకేమైందో ఏసీయే చెప్తోంది, కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఆ కోడ్ చూసుకోవాలి. లైటే లేదంటే మాత్రం అడగాల్సింది ఒకటే, కరెంటు ఎక్కడిదాకా వచ్చింది, ఎక్కడ ఆగింది. ఊళ్లో కాలువ నీళ్లు మన మడికి రాకపోతే తూము దగ్గర్నుంచి గట్టు పట్టుకుని నడుచుకుంటూ చూసుకుంటారు చూడండి, అచ్చం అదే.

"ఏసీని వదిలెయ్, పోయి గీజరు వెయ్" అన్నాడు. రాత్రి పదింటికి ఈ ఎండల్లో గీజరేంట్రా అంటే, వాడు విడమరిచి చెప్పాడు. మా ఫ్లాట్‌లో మూడు ఫేజుల కరెంటు ఉంది, అంటే మూడు వేర్వేరు తీగల మీద వస్తుంది, ఏసీ గీజరూ ఒకే ఫేజు మీద ఉన్నాయి, లైట్లు ఫ్యాన్లు ఇంకో దాని మీద. గాలివాన తర్వాత ఒక్క ఫేజే పోవడం మామూలు. అప్పుడు లైట్లన్నీ వెలుగుతూనే ఉంటాయి, ఏసీ ఒక్కటే చచ్చినట్టు కనిపిస్తుంది, మెకానిక్‌ని పిలుస్తాం, వాడొచ్చేలోపు లైన్‌మన్ వచ్చి ఫ్యూజు వేసేస్తాడు. అలా కనిపిస్తే చెయ్యాల్సింది కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోను, మెకానిక్‌కి కాదు. మా గీజరు ఎర్రలైటు వెలిగింది. ఫేజు ఉంది.

(బ్యాటరీ ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో ఇంకో తమాషా ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌లో మా పిన్ని వాళ్లు పోయినేడు గంటసేపు ఏసీ రిమోట్‌ని తిట్టుకున్నారు, తీరా చూస్తే అసలు కరెంటే రాలేదు, ఫ్యాన్లూ లైట్లూ ఇన్వర్టర్ మీద నడుస్తున్నాయంతే. బాబాయి ఇప్పటికీ ఒప్పుకోడు.)

తర్వాత రిమోట్. ఫోను కెమెరా తెరిచి రిమోట్ ముక్కుని దానికేసి పెట్టి బటన్ నొక్కితే, మన కంటికి కనిపించని వెలుగు స్క్రీన్ మీద ఊదారంగులో మెరుస్తుంది. నా ఫోను వెనక కెమెరాలో ఏమీ కనిపించలేదు, బ్యాటరీలు పోయాయేమో అనుకున్నాను, సెల్ఫీ కెమెరాలో పెడితే చక్కగా మెరిసింది. కొన్ని ఫోన్లలో వెనక కెమెరా ఆ వెలుగుని వడకట్టేస్తుందట. రిమోట్ బానే ఉంది. దాన్నీ నమ్మకపోతే ఇంకో దారి, ఏసీ ముందు మూత పైకెత్తితే చాలావాటికి కుడిపక్కన చిన్న బటన్ ఉంటుంది, రిమోట్ పోయినా ఏసీ నడవడానికి పెట్టింది. మూత ఎత్తినప్పుడు ఫిల్టర్ మీద దుమ్ము చూసి అమ్మ నావంక చూసిన చూపు సంగతి వదిలేద్దాం. బటన్ నొక్కాను. ఉలుకూ లేదు పలుకూ లేదు.

మెయిన్ డోర్ వెనక డీబీ, అంటే ఇంటి కరెంటంతా పంచే డబ్బా, తెరిచాను. ఎమ్‌సీబీలన్నీ, అంటే తేడా వస్తే తమంతట తామే పడిపోయే స్విచ్‌లన్నీ, పైకే ఉన్నాయి. "ఉన్నట్టు కనిపిస్తయి, కిందికి పూర్తిగా లాగి మళ్లీ పైకి వెయ్" అన్నాడు. కొన్ని ట్రిప్ అయినప్పుడు పూర్తిగా కిందికి పడవు, మధ్యలో వేలాడతాయి, పైకి ఒత్తినా నిలబడవు, ముందు కిందికి దించితేనే మళ్లీ పట్టుకుంటాయి. ఒకసారి వేసి చూడొచ్చు. వేసిన వెంటనే టప్పున పడిపోతే మళ్లీ మళ్లీ వెయ్యకండి, అది పడుతోందంటే లోపలెక్కడో షార్ట్ ఉందని, దాన్ని బలవంతంగా నిలబెట్టాలని చూడ్డం పిచ్చి పని. మాది పడలేదు, బుద్ధిగా నిలబడింది.

ఇక ఏసీ ప్లగ్గు. ఇక్కడ కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే ఏసీ బాగానే ఉండి ప్లగ్గో సాకెట్టో కాలిపోయిన ఇళ్లు మా అపార్ట్‌మెంట్‌లోనే రెండు చూశాను. టన్నున్నర ఏసీ గట్టిగా నడిచేటప్పుడు ఏడెనిమిది ఆంపియర్లు లాగుతుంది, అదీ గంటల తరబడి. సాకెట్‌లో పిన్ను కాస్త వదులుగా ఉందనుకోండి, ఆ సందులో వేడి పుడుతుంది, రోజూ కొంచెం కొంచెం ప్లాస్టిక్ ఉడుకుతుంది, ఒకరోజు కరిగి కరెంటు ఆగిపోతుంది. ఆగిపోతే అదృష్టం, అంటుకోలేదు. పై అంతస్తు వాళ్లింట్లో మూడు రోజులపాటు ఎండుచేపలు కాలిన వాసన. వాళ్లు శాకాహారులు, ఎవరు వండుతున్నారని పక్క ఫ్లాట్ వాళ్లతో మాటామాటా కూడా అయింది. చివరికి చూస్తే ఏసీ సాకెట్. వేడెక్కిన స్విచ్‌బోర్డు ప్లాస్టిక్ కొన్నిసార్లు అచ్చం చేపల వాసనే కొడుతుంది. ఇంట్లో చేపలు వండకుండా ఆ వాసన వస్తే ముందు స్విచ్‌బోర్డుల దగ్గర ముక్కు పెట్టండి, పక్కింటివాళ్ల మీద పడే ముందు.

స్విచ్ ఆపి, ఎమ్‌సీబీ దించి, చెక్క స్టూలెక్కి (ప్లాస్టిక్ కుర్చీ ఎక్కితే తమ్ముడు వీడియో కాల్‌లోంచే అరిచాడు) ప్లగ్గు లాగాను. మూడు పిన్నులూ ఇత్తడి రంగులో మెరుస్తున్నాయి, నలుపు లేదు, సాకెట్ కన్నాల చుట్టూ గోధుమరంగు మరకలు కూడా లేవు. మళ్లీ కరెంటు ఇచ్చి టెస్టర్ పెట్టాను, లోపల చిన్న బల్బు వెలిగింది. కరెంటు ఉందిరా అంటే, "టెస్టర్ ఫేజు ఉందనే చెప్తది అక్కా, న్యూట్రల్ తెగిపోయినా అది ఎలుగుతనే ఉంటది" అన్నాడు. నలభై ఏళ్ల నుంచి టెస్టర్ వెలిగితే కరెంటున్నట్టే అనుకుంటున్నాను, ఇదొక కొత్త సంగతి. న్యూట్రల్ అంటే ఫేజు తీగలో వచ్చిన కరెంటు తిరిగి వెళ్లే తీగ. మా సాకెట్ చిన్న పిన్నులూ పట్టే రకం, అందుకని చింటూ నైట్ ల్యాంప్ తెచ్చి పెట్టాను. వెలిగింది. అంటే కరెంటు సాకెట్ దాకా సుబ్బరంగా వస్తోంది, దాన్నుంచి ఏసీలోకి వెళ్లాక ఎక్కడో ఆగుతోంది. "ఇక నువ్వు ఆగు" అన్నాడు. "మూత విప్పకు. బయటి యూనిట్ అసలు ముట్టుకోకు, ఇన్వర్టర్ ఏసీ బోర్డు మీద కెపాసిటర్లు ఉంటయి, స్విచ్ ఆపినా కొంతసేపు మూడొందల వోల్టుల పైనే పట్టుకుని కూర్చుంటయి."

ఆ రాత్రి హాల్లో చాపలేసుకుని పడుకున్నాం. "మేం ఆరుబయట మంచాలేసుకుని పడుకోలేదా" అని అమ్మ మొదలుపెట్టింది. అప్పుడు ఆరుబయట అనేది ఒకటి ఉండేదమ్మా అన్నాను.

ఆదివారం పొద్దున ఫోన్‌లో బుక్ చేస్తే ఒకతను వచ్చాడు. టీషర్టు మీద కంపెనీ బొమ్మ, చేతిలో టాబ్, చాలా మర్యాద. ఏసీ కింద నిలబడి రిమోట్ రెండుసార్లు నొక్కాడు, స్టూలు కూడా అడగలేదు. "గ్యాస్ అయిపోయింది మేడం, దానివల్ల పీసీబీ కూడా పోయింది." పీసీబీ అంటే లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు. గ్యాస్ 3,200, బోర్డు 9,800, మొత్తం 13,000. ఇప్పుడు ఓకే అంటే ఎల్లుండికల్లా పని అయిపోతుందట.

నేను రాత్రంతా కాలువగట్టు మీద నడిచిన మనిషిని కదా, ఊరుకోలేదు. గ్యాస్ లేకపోతే డిస్‌ప్లే ఎందుకు వెలగదండీ అన్నాను. "లో ప్రెషర్ మేడం, సేఫ్టీ కోసం ఆన్ అవ్వదు" అన్నాడు, కళ్లు టాబ్ మీదే.

ఏసీలో గ్యాస్ అంటే వంట సిలిండర్‌లో గ్యాస్‌లా వాడేకొద్దీ తరిగిపోయేది కాదు. రాగి గొట్టాల్లో మూసేసిన దారిలో లోపలికీ బయటికీ తిరుగుతూ ఉంటుంది, ఇంట్లో వేడిని మోసుకెళ్లి బయట పారబోసి మళ్లీ వస్తుంది. ఎక్కడో లీకైతే తప్ప తగ్గదు, లీకైతే ఆ లీకు వెతికి మూయకుండా గ్యాస్ నింపితే మళ్లీ పోతుంది. మొత్తం పోయినా సరే, స్విచ్ వేస్తే ఏసీ టింగ్ మంటుంది, అంకెలు చూపిస్తుంది, ఫ్యాను తిరుగుతుంది, చల్లబడదు, కాసేపయ్యాక ఏదో ఎర్రర్ చూపించి ఆగొచ్చు. టింగ్ మనడానికి కావాల్సింది గ్యాస్ కాదు, లోపలి బోర్డుకి కరెంటు. మూత విప్పకుండా, ప్రెషర్ కొలిచే గేజీ పెట్టకుండా గ్యాస్ అయిపోయిందని చెప్పగలిగినవాడు ఏసీ మెకానిక్‌గా ఉండకూడదు, జాతకాలు చెప్పుకోవచ్చు. 450 విజిటింగ్ చార్జీ కట్టి పంపించాను. ఆ 450 ఇప్పటికీ మండుతోంది.

బీరువాలో బిల్లు వెతికాను, ఎందుకంటే వారంటీలో ఉన్న ఏసీని బయటివాళ్ల చేత విప్పిస్తే ఆ తర్వాత కంపెనీ వాళ్లు చేతులు దులుపుకుంటారు. కొన్ని కంపెనీలు కంప్రెసర్‌కి పదేళ్లు, బోర్డుకి ఐదేళ్లు ఇస్తాయి, కొన్ని బోర్డుకి ఏడాదే. మాది నాలుగేళ్ల ఏసీ, కార్డులో బోర్డుకి ఒక్క ఏడాది. సరే, ఇక ఎవరి చేత విప్పించినా నష్టం లేదు.

సోమవారం మా వాచ్‌మన్ మల్కాజిగిరి నుంచి ఒక పెద్దాయన్ని పిలిపించాడు. అరవై దాటుంటాయి, అందరూ భాయ్ అనే పిలుస్తారు, స్కూటర్ మీద రేకుపెట్టె. వచ్చీరాగానే "లైట్ వస్తుందా బేటా?" అన్నాడు. నాకు అక్కడే సగం నమ్మకం కుదిరింది. సాకెట్‌లో మీటరు పెట్టి చూశాడు, 228 వోల్టులు. కరెంటు ఆపేసి, మూత తీసి, లోపలి యూనిట్ కుడిపక్క నుంచి అరచేయంత బోర్డు బయటికి లాగి, బాల్కనీ వెలుగులో పట్టుకుని నన్ను పిలిచాడు.

కరెంటు తీగ బోర్డుకి తగిలే చోటే గాజు గొట్టంలాంటి ఫ్యూజు ఉంది. లోపల తీగ ఉండాల్సిన చోట గాజంతా వెండిరంగు మసి. దాని పక్కన రూపాయి బిళ్లకన్నా చిన్నది, నీలం రంగులో గుండ్రటి బిళ్ల ఒకటి నిలబెట్టి ఉంది, సగానికి పగిలి అంచు నల్లగా కాలి, మాడిన అప్పడం ముక్కలా. దాని మీద 14డీ 471 అని అచ్చు ఇంకా కనిపిస్తోంది. "గిది చౌకీదార్ బేటా" అన్నాడు. "రాత్రి దొంగ వచ్చిండు, చౌకీదార్ సచ్చిండు, ఇల్లు మాత్రం బచాయించిండు."

దాన్ని వేరిస్టర్ అంటారు. మామూలు వోల్టేజీలో అది ఏ పనీ చెయ్యదు, కూర్చుని ఉంటుంది. 471 అంటే 47 పక్కన ఒక సున్న, 470 వోల్టులు. మన ఇంటి 230 వోల్టుల కరెంటు పైకి లేచి కిందికి దిగేటప్పుడు ఎత్తైన చోట 325 దాకా వెళ్తుంది, అది ఈ బిళ్ల హద్దుకి కిందే కాబట్టి ఊరుకుంటుంది. ఎత్తు 470 దాటితే మాత్రం కరెంటుకి తనే అడ్డదారి తెరిచి మొత్తం తన మీదికి లాక్కుంటుంది, ఆ ఊపుకి ఫ్యూజు కాలిపోతుంది, వెనకున్న బోర్డుకి చాలాసార్లు ఏమీ కాదు. పదమూడు వేల కథ ఇంతే. ఒక ఫ్యూజూ ఒక బిళ్లా.

భాయ్ దగ్గర ఫ్యూజు ఉంది, 471 బిళ్ల లేదు. "కోఠి పోవాలె, గుజరాతీ గల్లీల దొర్కుతది, రేపు తెస్త" అన్నాడు. బిళ్ల లేకుండా ఫ్యూజొక్కటి వేసినా ఏసీ నడుస్తుంది, చాలామంది అలాగే చేసి పోతారు, మళ్లీ దొంగ వస్తే ఈసారి చౌకీదార్ ఉండడు అని తనే చెప్పాడు. ఫ్యూజు బదులు రాగి తీగ చుట్టేవాళ్లు కూడా ఉన్నారట. ఇంకో రాత్రి చాప మీద పడుకోడానికి ఒప్పుకున్నాం. మంగళవారం పొద్దున వచ్చి, పాతవి ఊడపీకి, అదే నంబరు బిళ్ల, అదే 3.15 ఆంపియర్ల ఫ్యూజు టంకం పెట్టాడు. పనిలో పనిగా బాల్కనీలో బయటి యూనిట్ మూత కూడా తీసి బోర్డు చూశాడు. అక్కడ ఒక బల్లి, ఎప్పుడు పోయిందో ఏమో, కాగితంలా ఎండి అతుక్కుని ఉంది. అది ఇంకో అంగుళం పక్కకి పాకి ఉంటే కథ వేరేగా ఉండేదన్నాడు. బ్రష్‌తో దులిపాడు.

స్విచ్ వేశాడు. టింగ్.

850 తీసుకున్నాడు. వెయ్యి ఇస్తే 150 తిరిగిచ్చాడు, వద్దన్నా వినలేదు, అమ్మ ఇచ్చిన మజ్జిగ మాత్రం రెండు గ్లాసులు తాగాడు.

ఇంతకీ దొంగ ఎవరు? అమ్మ అన్న మాట, "ఇవాళ కరెంటు భలే ఉందే". ఆ రాత్రి మా వీధి స్తంభం దగ్గర కొమ్మ విరిగి తీగల మీద పడి న్యూట్రల్ ఊడిందని లైన్‌మన్ చెప్పాడు. ఒక్కో ఇంటికీ ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 వోల్టులు వస్తాయి, కానీ ఒక ఫేజుకీ ఇంకో ఫేజుకీ మధ్య 400. న్యూట్రల్ ఊడితే వేర్వేరు ఫేజుల మీదున్న ఇళ్లు ఒకదాని వెనక ఒకటి గొలుసులా తగులుకుంటాయి, ఎక్కువ కరెంటు వాడేవాళ్లకి వోల్టేజీ పడిపోతుంది, తక్కువ వాడేవాళ్లకి నాలుగొందల వైపు ఎగబాకుతుంది. అందుకే మా లైటు పెళ్లిపందిరి అయింది, ఎదురింట్లో గుడ్డి దీపం అయిందట. మా గేటెడ్ కాని గల్లీలో ఆ రాత్రి రెండు టీవీలు, ఒక ఫ్రిజ్జు, ఒక వైఫై డబ్బా పోయాయి. లైట్లు ఉన్నట్టుండి ధగధగలాడితే మురిసిపోకుండా పరిగెత్తి మెయిన్ ఆపెయ్యాలని ఇప్పుడు తెలిసింది.

ఇంకోటి, ఆ టైముకి మా ఏసీ నడవట్లేదు. రిమోట్‌తో ఆఫ్ చేసి ఉంది, గోడ స్విచ్ మాత్రం వేసే ఉంది. రిమోట్‌తో ఆపితే ఏసీ పడుకుంటుందే తప్ప లోపలి బోర్డుకి కరెంటు ఉంటూనే ఉంటుంది, లేకపోతే రిమోట్ నొక్కగానే ఎలా లేస్తుంది? స్విచ్ కూడా ఆపి ఉంటే ఏమీ అయ్యేది కాదు. అమ్మ ఇది విన్న దగ్గర్నుంచి రోజూ పొద్దున లేవగానే స్టూలు వేసుకుని మరీ ఏసీ స్విచ్ ఆపుతోంది, స్టూలెక్కొద్దమ్మా అంటే వినదు.

కొన్నప్పుడు షాపువాడు "స్టెబిలైజర్ అక్కర్లేదు మేడం, స్టెబిలైజర్ ఫ్రీ మోడల్" అన్నాడు, నాకు మొదట ఉచితంగా ఇస్తున్నారేమో అనిపించింది. అబద్ధం చెప్పలేదు పాపం, ఆ ఏసీ వోల్టేజీ కొంచెం అటూ ఇటూ అయినా తట్టుకుంటుంది, మన మే నెల సాయంత్రాల లో వోల్టేజీకి అది చాలు. నాలుగొందలు తట్టుకుంటుందని ఎవరూ అనలేదు, మనమూ అడగలేదు. వచ్చే ఆదివారం కరెంటు సామాన్ల కొట్లుండే ట్రూప్ బజార్ వెళ్దామనుకుంటే అమ్మ ఆదివారం ఏం కొట్లు తీస్తారే అంది, గురువారం వెళ్లి వోల్టేజీ మరీ ఎక్కువైనా తక్కువైనా కరెంటు కట్ చేసే 4 కేవీఏ స్టెబిలైజర్ తెచ్చాను. దాంతో కొత్త టెన్షన్, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ మూడు నిమిషాలు ఏసీకి కరెంటు ఇవ్వదు. మొదటిసారి మళ్లీ పోయిందనుకుని గుండె గుభేలుమంది. వోల్టేజీ కుదుటపడేదాకా, కంప్రెసర్ ఊపిరి తీసుకునేదాకా ఆపుతుందట, చింటూ గడియారం పట్టుకుని లెక్కపెట్టాడు, సరిగ్గా మూడు నిమిషాల నాలుగు సెకన్లు.

పగిలిన నీలం బిళ్ల వాడి పెన్సిల్ డబ్బాలో ఉంది. స్కూళ్లు తెరిచాక టీచర్‌కి చూపిస్తాడట.

నిన్న రాత్రి పై అంతస్తు ఆంటీ దిగొచ్చారు. "మీ మెకానిక్ నంబరు ఇస్తావా అమ్మా, మా హాల్లో ఏసీ ఆన్ అవ్వట్లేదు, ఎవరో వచ్చి గ్యాస్ అయిపోయిందన్నాడు."

"డిస్‌ప్లే వెలుగుతోందా ఆంటీ?"

"అదేంటి, ఆన్ అవ్వట్లేదంటుంటే."

"అయితే ముందు వెళ్లి గీజర్ వెయ్యండి" అన్నాను. ఆవిడ మా అమ్మ వంక చూశారు.